మెటల్ డిటెక్టర్‌ని కార్లో ఎలా తీసుకెళ్ళాలి? డల్లాస్ నుంచి కార్పస్ బీచ్‌కి బయల్దేరుతున్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వడిగింది మొత్తం చదివా. కొత్తగా మెటల్ డిటెక్టర్ కొన్నావ్, మే నెలాఖరు మెమోరియల్ డే వీకెండ్‌కి డల్లాస్ నుంచి కార్పస్ క్రిస్టీ వెళ్తున్నారు, ఎస్‌యూవీలో నువ్వు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు, వెనకాల కూలర్, టెంట్, ఇప్పుడు ఈ డిటెక్టర్ సామాను. కాయిల్, అంటే నేల మీద తిప్పే ఆ పళ్ళెం, దెబ్బతినకుండా ఎక్కడ పెట్టాలి, ఎండలో కార్లో వదిలేస్తే ఏమన్నా అవుద్దా, పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్ కూడా చూద్దామనుకుంటున్నాం పర్లేదా, చివర్లో వచ్చే సంవత్సరం ఇండియా తీసుకెళ్ళొచ్చా అని కూడా అడిగావ్. నేను హ్యూస్టన్ దగ్గర ఉంటా, తొమ్మిదేళ్ళుగా గల్ఫ్ బీచ్‌లు తిరుగుతున్నా, కాబట్టి ఇది పుస్తకంలో చూసి చెప్పేది కాదు, చాలావరకు చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే.

ముందు ఒక మాట మనసులో పెట్టుకో. డిటెక్టర్ ఇసుకలో పాడవడం చాలా తక్కువ, అది పాడయ్యేది కార్లోనే. బీచ్‌లో నాలుగు గంటలు తిప్పుతాం, కార్లో రానుపోను పద్నాలుగు గంటలు ఉంటది, పార్కింగ్‌లో ఇంకో రోజంతా ఉంటది. మనుషులకి దెబ్బ తగిలేది కూడా తవ్వేటప్పుడు కాదు. అందుకే కాయిల్ సంగతి తర్వాత, ముందు పిల్లల సంగతి చెప్తా.

మూడేళ్ళ క్రితం, హ్యూస్టన్ నుంచి హైవే 59 మీద కింద పోర్ట్ అరాన్సస్ వైపు వెళ్తున్నాం, వార్టన్ దాటాక ఎల్ కాంపో దగ్గర్లో ముందు పికప్ ట్రక్ వాడు ఉన్నట్టుండి బ్రేక్ వేశాడు, నేనూ గట్టిగా తొక్కా. యాక్సిడెంట్ ఏం కాలేదు, కానీ వెనకనుంచి బర్రుమని ఒక చప్పుడు వచ్చింది, స్టీలు గిన్నె గచ్చు మీద ఈడ్చినట్టు, ఆ వెంటనే ఢక్కుమని ఒక దెబ్బ. మూడో వరస సీట్లు పడుకోబెట్టి ఆ చదును మీద నా సాండ్ స్కూప్ (ఇసుక తవ్వి జల్లించే స్టీలు బుట్ట) ఊరికే పడేశా, కట్టలేదు. అది జారుకుంటూ వచ్చి మా చిన్నదాని కార్ సీట్ వీపుకి కొట్టుకుంది. పిల్ల నిద్రలో ఉంది, లేవను కూడా లేవలేదు. పక్కకి ఆపి చూస్తే కార్ సీట్ వెనక ప్లాస్టిక్ మీద స్కూప్ అంచు దిగిన గీత, బొటనవేలు అంత పొడవు. ఆ గీత మీద వేలు పెట్టి అలా నిలబడిపోయా. ఆ సీట్ మార్చేశాం, కానీ ఆ రోజు నుంచి కట్టకుండా ఒక్క ఇనప ముక్క కూడా బండెక్కించలేదు.

ఇది భయపెట్టడానికి చెప్పట్లా, లెక్క చూడు. స్టీల్ స్కూప్ పొడుగు కర్రతో కలిపి తేలిగ్గా 7 పౌన్లు ఉంటది. 35 మైళ్ళ స్పీడులో దేన్నైనా గుద్ది, కారు ముందు భాగం ఒక రెండడుగులు నలిగి ఆగిందనుకో, బండిలో ఉన్న ప్రతి వస్తువు మీదా దాని బరువుకి 20 రెట్ల బలం పడుద్ది. అంటే ఆ 7 పౌన్ల స్కూప్ ఆ క్షణానికి 140 పౌన్ల బరువున్నట్టు ముందుకి వస్తది, అదీ పళ్ళున్న వైపు ముందు పెట్టుకుని. హైవే స్పీడులో అయితే ఇంక చెప్పక్కర్లేదు, ఎందుకంటే స్పీడు రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు అవుద్ది.

కాబట్టి స్కూప్, డిగ్గర్, చిన్న పార ఏదున్నా సరే, అవి ట్రంక్ ఫ్లోర్ మీద, సీటు వీపుకి ఆనించి, అడ్డంగా పడుకోబెట్టాలి. నిలువుగా ముందు వైపు చూస్తూ పెట్టొద్దు. అడ్డంగా ఉంటే జారినా సీటు వీపు మొత్తం వెడల్పు మీద ఆనుద్ది, ఒక్క పాయింట్ మీద గుచ్చుకోదు. దాని మీద రాట్చెట్ స్ట్రాప్ ఒకటి వేసి ట్రంక్‌లో ఉండే ఇనప కొక్కేలకి బిగించు. నీ బండి కార్పెట్ అంచుల్లో నాలుగు మూలలా మడిచిపెట్టిన రింగులు ఉంటాయి, చాలామంది కొన్న ఐదేళ్ళకి కూడా వాటిని చూడరు. ఎలాస్టిక్ బంజీ తాళ్ళు దీనికి వాడొద్దు, అవి సాగుతాయి, చిన్న కుదుపుకి ఆపుతాయేమో గానీ గుద్దుడు అయితే స్ప్రింగులా పనిచేస్తాయి. బంజీ టెంట్‌కీ చాపలకీ చాలు. ఇంకో సంగతి, చేత్తో తవ్వే డిగ్గర్ అంచున రంపం పళ్ళు ఉంటాయి కదా, దానికి తొడుగు లేకుండా పెట్టొద్దు. పిల్లలు చిప్స్ ప్యాకెట్ కోసం వెనక్కి చెయ్యి పెడతారు, మనం చూసుకోం.

బరువైన కూలర్ కూడా అంతే, మనం దాన్ని సామాను కింద లెక్కెయ్యం గానీ ఐస్‌తో నిండితే 50, 60 పౌన్లు ఉంటది. దాన్ని కింద, సీటుకి ఆనించి పెట్టు. డిటెక్టర్ ఎప్పుడూ అన్నిటికంటే పైన, లేదా విడిగా ఒక పక్కన.

ఇప్పుడు డిటెక్టర్. నువ్వు కాయిల్ గురించి అడిగావ్, సరైన చోటే భయపడ్డావ్. పైకి చూడటానికి అదొక నల్ల ప్లాస్టిక్ పళ్ళెం, కానీ లోపల రెండు తీగ చుట్టలు ఉంటాయి, ఒకటి పంపేది, ఇంకోటి వినేది. నీది డీడీ కాయిల్ అయితే ఆ రెండు చుట్టలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కొలిచి కొంచెం ఎక్కించి, ఒకదాని గోల ఇంకోదానికి వినపడకుండా బ్యాలెన్స్ చేసి, ఎపాక్సీ పోసి బిగిస్తారు. ఆ ఎపాక్సీ లోపల సన్న పగులు వచ్చిందంటే చుట్ట వెంట్రుకవాసి కదిలినా బ్యాలెన్స్ పోద్ది, అప్పుడు కాయిల్‌కి గడ్డిపరక తగిలినా కూత పెడుద్ది. బయటకి గీత కూడా కనపడదు, మనం సెట్టింగులు మార్చుకుంటూ కూర్చుంటాం. కాయిల్ మీద కూలర్ పెట్టడం, టెంట్ రాడ్లు పెట్టడం, ట్రంక్ మూత వేసేటప్పుడు అంచు ఇరుక్కోవడం, వీటివల్లే ఇలా అయ్యేది ఎక్కువ.

ఇంకో బలహీనమైన చోటు కాయిల్ చెవులు, అంటే షాఫ్ట్‌కి, డిటెక్టర్ పొడుగు కర్రకి, బోల్ట్ పట్టే ఆ రెండు నిలువు ముక్కలు. డిటెక్టర్‌ని మొత్తం బిగించి అలాగే వెనక సీట్లో పారేస్తారు చూడు, అప్పుడు షాఫ్ట్ పొడవంతా ఒక తెడ్డులా పనిచేసి, దార్లో ప్రతి గుంటకీ ఆ బరువంతా ఈ రెండు చెవుల మీద ఊగుద్ది. నాకు ఒక కాయిల్ చెవి అలాగే విరిగింది, బీచ్‌లో దిగి స్వింగ్ మొదలుపెట్టిన పది నిమిషాల్లో. కాబట్టి విప్పి పెట్టు. ప్రతిసారీ కాయిల్ బోల్ట్ విప్పక్కర్లేదు, కింది షాఫ్ట్‌ని కాయిల్‌తో సహా పైదాన్నుంచి లాగేసి, బోల్ట్ కొంచెం వదులు చేసి, కాయిల్‌ని షాఫ్ట్‌తో చదునుగా మడిచి పెట్టు. కేబుల్ దగ్గర ఒక్కటి గమనించు, కాయిల్‌లోకి వెళ్ళే మొదట్లో నల్ల రబ్బరు తొడుగు ఉంటది చూడు, అక్కడ కేబుల్‌ని మొండిగా వంచితే లోపల తీగ తెగుద్ది. కేబుల్‌ని నీ అరచెయ్యి వెడల్పు చుట్టలుగా వదులుగా చుట్టి వెల్క్రో పట్టీ వెయ్యి, షాఫ్ట్ చుట్టూ బిగించి మాత్రం చుట్టొద్దు.

బ్యాగ్ ఏది కొనాలి అని అడుగుతావ్, ఖరీదైన గట్టి కేస్ కొనొద్దు ఇప్పుడే. మెత్తటి పొడుగు బ్యాగ్ ఏదైనా సరిపోద్ది, లోపల ఏం సర్దావన్నదే ముఖ్యం. నేను చేసేది చెప్తా. ఒక పాత యోగా మ్యాట్‌ని కాయిల్ కొలతకి రెండు గుండ్రాలు కోసి, ఆ రెంటి మధ్య కాయిల్ పెడతా, శాండ్‌విచ్‌లాగా. కంట్రోల్ బాక్స్‌కి, అంటే స్క్రీన్, బటన్లు ఉండే డబ్బాకి, అమ్మ ఊరు నుంచి పంపిన బొంత ఒకటి ఉంది, పాత చీరలతో కుట్టింది, దాన్ని చుడతా. అంత మెత్తగా, అంత సరిగ్గా వంపు తిరిగే గుడ్డ కొన్న ఫోమ్‌లో నాకు దొరకలేదు. మనం ఆవకాయ సీసాని ఫ్లైట్‌లో ఎలా ప్యాక్ చేస్తాం, సీసా దేనికీ తగలకుండా అన్నివైపులా బట్టలు కూరి, ఊపి చూసి చప్పుడు రాకపోతేనే సూట్‌కేస్ మూస్తాం, అదే పరీక్ష ఇక్కడ కూడా. బ్యాగ్ జిప్ వేశాక రెండు చేతులతో ఎత్తి ఊపు, లోపల ఏదైనా టకటకమంటే మళ్ళీ విప్పి సర్దు. నాలుగొందల మైళ్ళలో ఆ టకటక లక్షసార్లు అవుద్ది.

పిన్‌పాయింటర్, అంటే తవ్విన గుంటలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్, దాని విషయం చిన్నదే గానీ ఒకసారి బీచ్‌కి చేరాక బ్యాటరీ చచ్చి కనపడింది, సామాను ఒత్తిడికి బటన్ నొక్కుకుని దారంతా ఆన్‌లో ఉంది. 9 వోల్ట్ బ్యాటరీ వాడే రకం అయితే బ్యాటరీ తీసేసి విడిగా పెట్టు. విడిగా అంటే చిల్లర, తాళాలు ఉన్న పౌచ్‌లో కాదు. 9 వోల్ట్ బ్యాటరీకి రెండు కొనలూ పక్కపక్కనే పైకి ఉంటాయి కదా, ఒక్క క్వార్టర్ కాయిన్ అడ్డం పడితే చాలు, షార్టై చెయ్యి కాలేంత వేడెక్కుద్ది, పక్కన టిష్యూ పేపర్ ఉంటే అంటుకుంటది. కొనల మీద టేప్ ముక్క అతికించు.

ఇక ఎండ. దీని మీద కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే మన టెక్సాస్‌లో సగం డిటెక్టర్లు దీనికే పోతాయి. అరిజోనాలో 2018లో యూనివర్సిటీ వాళ్ళు కొలిచిన లెక్క ఉంది, బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో కారు ఒక గంట నిలబెడితే లోపల గాలి సగటున 116 డిగ్రీలకి, డాష్‌బోర్డ్ 157కి చేరింది. ఒక్క గంటలో. లిథియం బ్యాటరీకి ఈ వేడి నెమ్మదిగా పనిచేసే విషం లాంటిది, ఆ రోజు ఏమీ తెలీదు, కానీ ఒక వేసవంతా కార్లో పెడితే మరుసటి ఏడాది పది గంటలు వచ్చే ఛార్జ్ ఐదు గంటలకే దిగిపోద్ది, ఇంకా ముదిరితే బ్యాటరీ ఉబ్బుద్ది. నా మొదటి వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్‌ని జూలైలో రెండు వారాలు వెనక అద్దం కింద వదిలేశా, తీసి చూస్తే ఒక పక్క కప్పు అతుకు దగ్గర విచ్చుకుని ఉంది, గోరు దూరేంత సందు, ఆ సందులోంచి వెండి రంగు పొట్లం దిండులా ఉబ్బి కనపడుతోంది. అలా ఉబ్బింది ఏది కనపడినా దాన్ని గుచ్చొద్దు, నొక్కి మూయాలని చూడొద్దు, ఛార్జింగ్ అసలు పెట్టొద్దు. ఇంటి బయట, కాలే వస్తువులేవీ లేని చోట, సిమెంటు మీద పెట్టి మీ సిటీ వాళ్ళు హానికర చెత్త తీసుకునే చోటికి తీసుకెళ్ళి ఇవ్వు. మామూలు చెత్త డబ్బాలో వేస్తే చెత్త లారీలో నలిగి అంటుకుంటది.

అందుకని దార్లో బక్కీస్ పెట్రోల్ బంక్ దగ్గర పావుగంట ఆగితే ఏం కాదు, బ్యాగ్ ఫ్లోర్ మీద, గుడ్డ కింద ఉంటే చాలు. కానీ శాన్ ఆంటోనియోలో రివర్ వాక్ చూసొద్దామని నాలుగు గంటలు కారు వదిలితే, బ్యాటరీ ఊడొచ్చే రకమైతే బ్యాటరీ, హెడ్‌ఫోన్స్, పిన్‌పాయింటర్ ఈ మూడూ మీతో పాటు డైపర్ బ్యాగ్‌లో తీసుకుపో. బ్యాటరీ లోపల ఫిక్స్ అయిన రకమైతే కంట్రోల్ యూనిట్‌ని ఖాళీ కూలర్ ఇంకోటి ఉంటే అందులో పెట్టు, ఐస్ లేకుండా, ఊరికే. థర్మాకోల్ గోడలు వేడిని కొన్ని గంటలు ఆపుతాయి. ఐస్ కూలర్‌లో మాత్రం పెట్టొద్దు, చెమ్మ పడుద్ది. రాత్రి హోటల్‌కి చేరితే అన్నీ రూమ్‌లోకి తీసుకుపో, అది దొంగల కోసం కూడా.

వేడి గురించి ఇంకొక్కటి, ఇది చాలామందికి తెలీక నీళ్ళలో మునిగే డిటెక్టర్లు కూడా పాడుచేసుకుంటారు. కార్లో 120 డిగ్రీల దాకా కాగిన డిటెక్టర్‌ని తీసుకెళ్ళి సరాసరి 80 డిగ్రీల సముద్రంలో ముంచావనుకో, లోపల మూసి ఉన్న గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుంటది, దాదాపు 7 శాతం ఒత్తిడి తగ్గుద్ది. అంటే ఆ డిటెక్టర్ ఒక అడుగు నీళ్ళలో ఉన్నా దాని సీళ్ళ మీద ఇంకో రెండడుగుల నీళ్ళ ఒత్తిడి అదనంగా పడ్డట్టు, అదీ లోపలికి పీలుస్తూ. సీల్ కింద ఒక ఇసుక రేణువు ఉంటే చాలు, నీళ్ళు లోపలికి పోతాయి. తర్వాత మనం కంపెనీ వాళ్ళని తిడతాం. అందుకే దిగగానే డిటెక్టర్‌ని నీడలో, గొడుగు కింద పావుగంట ఉంచి, చేత్తో పట్టుకుంటే మామూలుగా అనిపించాక నీళ్ళలోకి దిగు. దీనికి రివర్స్ కూడా ఉంది. ఏసీ గట్టిగా వేసుకుని వచ్చి చల్లటి డిటెక్టర్‌ని గల్ఫ్ గాలిలోకి తీస్తే కళ్ళద్దాలు మసకబారినట్టు స్క్రీన్ మీద, ప్లగ్గుల్లో చెమ్మ పడుద్ది. బ్యాగ్ జిప్ తియ్యకుండా పది నిమిషాలు బయట ఉంచితే అదే సర్దుకుంటది.

దొంగల సంగతి చెప్తా. బీచ్ పార్కింగ్‌లో అద్దాలు పగలగొట్టడం మామూలే. వెనక అద్దం మీద డిటెక్టర్ కంపెనీ స్టిక్కర్ అతికించుకోవద్దు, కొత్తలో అందరికీ సరదా ఉంటది, కానీ అది లోపల వెయ్యి డాలర్ల సామాను ఉందని బోర్డు పెట్టినట్టే. సామాను సర్దడం ఇంటి దగ్గరే పూర్తి చెయ్యి, పార్కింగ్‌లోకి వచ్చాక ట్రంక్ తెరిచి అటూ ఇటూ మార్చి మూసి వెళ్ళిపోతే చూసేవాడికి ఏది ఎక్కడుందో మనమే చూపించినట్టు. సీరియల్ నంబర్ ఫోన్‌లో ఫోటో తీసుకుని ఉంచు. బండి ఇన్సూరెన్స్ సాధారణంగా బండికే, లోపలి వస్తువులు ఇంటి ఇన్సూరెన్స్ లేదా రెంటర్స్ పాలసీలోకి వస్తాయి, నీ డిడక్టిబుల్, అంటే ముందు నీ జేబులోంచి పెట్టుకోవాల్సింది, ఎంతో ఒకసారి చూసుకో.

ఇప్పుడు పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్. ఇక్కడ జాగ్రత్తగా చదువు తమ్ముడూ. అది నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉంది, వాళ్ళ దగ్గర డిటెక్టర్ వాడటం మాత్రమే కాదు, దగ్గర పెట్టుకోవడమే నేరం. ఫెడరల్ రూల్ 36 సీఎఫ్ఆర్ 2.1లో ఉంది ఇది. కానీ అదే రూల్‌లో ఒక మినహాయింపు ఉంది, డిటెక్టర్‌ని విడదీసి, పార్క్‌లో ఉన్నంతసేపూ వాడటానికి వీల్లేకుండా ప్యాక్ చేసి ఉంచితే తప్పు కాదు. అంటే ఇందాక చెప్పినట్టు కాయిల్, షాఫ్ట్ విప్పి, బ్యాటరీ తీసి, బ్యాగ్‌లో పెట్టి, ట్రంక్‌లో ఉంటే నువ్వు పార్క్ రోడ్ 22 మీద లోపలికి వెళ్ళి పిల్లలకి తాబేళ్ళ గురించి చూపించి రావచ్చు. అదే డిటెక్టర్ బిగించి వెనక సీట్లో పడుకుని ఉంటే, నువ్వు ఒక్క నిమిషం కూడా వాడకపోయినా, రేంజర్ టికెట్ రాయొచ్చు, డిటెక్టర్ కూడా తీసుకోవచ్చు. నాకైతే అంతకంటే సురక్షితం అనిపించేది, ఆ పూటకి దాన్ని హోటల్ రూమ్‌లోనే వదిలేసి వెళ్ళడం.

వాళ్ళు అంత గట్టిగా ఉండటానికి కారణం ఉంది, తెలిస్తే మనకీ గౌరవం కలుగుద్ది. 1554 ఏప్రిల్‌లో వెరాక్రూజ్ నుంచి స్పెయిన్‌కి వెండి తీసుకెళ్తున్న నాలుగు ఓడల్లో మూడు తుఫానుకి కొట్టుకొచ్చి ఇదే ద్వీపం ఒడ్డున పగిలిపోయాయి. శాన్ ఎస్తెబాన్, ఎస్పిరితు శాంతో, శాంతా మరియా దె యీసియార్. నాలుగు శతాబ్దాలు అవి ఇసుక కిందే ఉన్నాయి. 1967లో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక ప్రైవేట్ కంపెనీ ఒక ఓడలోంచి సామాను పైకి తీసుకుంది, టెక్సాస్ ప్రభుత్వం కోర్టుకెళ్ళింది, ఆ గొడవ తర్వాతే 1969లో టెక్సాస్ పురావస్తు చట్టం వచ్చింది. ఇప్పటికీ పెద్ద తుఫాను తర్వాత పాత నాణెం ఒకటి అక్కడ ఒడ్డుకి రావడం అసాధ్యమేం కాదు. అలాంటిది ఇసుకలోంచి పీకి జేబులో వేసుకుంటే అది ఏ లోతులో, దేని పక్కన ఉందన్న సమాచారం శాశ్వతంగా పోద్ది. నాకు పాత వస్తువులంటే ప్రాణం, అందుకే ఆ రూల్ నాకు సరిగ్గానే అనిపిస్తది.

టెక్సాస్ స్టేట్ పార్కుల్లో కూడా పర్మిట్ లేకుండా డిటెక్టర్ వాడకూడదు, కాబట్టి ముస్టాంగ్ ఐలాండ్ స్టేట్ పార్క్‌లో దిగితే అక్కడా తియ్యొద్దు. సిటీ, కౌంటీ బీచ్‌ల్లో ఎక్కడ పర్మిషన్ ఉందో బయల్దేరే ముందు రోజు వాళ్ళకే ఒక ఫోన్ కొట్టి అడుగు, రెండు నిమిషాల పని, మనసు ప్రశాంతంగా ఉంటది.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అడగరు, కానీ నష్టం జరిగేది అప్పుడే. సాయంత్రానికి ఒళ్ళు అలిసిపోయి, పిల్లలు ఏడుస్తుంటే, ఉప్పునీళ్ళు కారుతున్న డిటెక్టర్‌ని అలాగే బ్యాగ్‌లో కుక్కి జిప్ వేసి ఏడు గంటలు నడుపుతాం. ఉప్పు, చెమ్మ, వేడి, మూసిన బ్యాగ్. ఇంటికెళ్ళి తీస్తే ఛార్జింగ్ పిన్నుల మీద పచ్చటి చిలుము. ఇంటి దగ్గర్నుంచే రెండు గ్యాలన్ల పాల క్యాన్లలో మంచినీళ్ళు పట్టుకుపో. నీళ్ళలో తడిసినా ఏం కాని మోడల్ అయితే కాయిల్, షాఫ్ట్, తాళాలు తిప్పే చోట్లు అన్నీ ఆ నీళ్ళతో కడుగు. వాటర్‌ప్రూఫ్ కాని కంట్రోల్ బాక్స్ అయితే తడిగుడ్డతో తుడవడమే. షాఫ్ట్ బిగించే తాళాల్లో ఇసుక ఉండగా తిప్పి బిగిస్తే అది గరుకు కాగితంలా షాఫ్ట్‌ని గీసేస్తది, కాబట్టి ముందు కడిగి తర్వాత విప్పు. కాయిల్ కింద ఉండే పల్చటి కవర్‌ని కూడా ఊడదీసి చూడు, దాంట్లో తడి ఇసుక పట్టి ఉంటది, గల్ఫ్ ఇసుకలో నల్ల ఇనప రేణువులు కలిసి ఉంటే తర్వాతిసారి దానికే డిటెక్టర్ గోల చేస్తది. ఛార్జింగ్ పిన్నులు పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిందని నమ్మకం కలిగాకే కేబుల్ పెట్టు, తడి పిన్నుల మీద కరెంట్ పెడితే ఒక్క రాత్రిలో తినేస్తది. దారిలో కార్లో ఛార్జ్ చెయ్యాల్సి వస్తే బొంత చుట్టి ఉండగా చెయ్యొద్దు, బయట గాలికి ఉంచి చెయ్యి.

తడి స్కూప్‌కి నా దగ్గర మంచి ఉపాయం ఉంది. ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి బియ్యం వస్తాయి కదా 20 పౌన్ల నేత సంచిలో, ఆ సంచి పారెయ్యొద్దు. స్కూప్‌ని అందులో దూర్చి మూతి కట్టెయ్, నీళ్ళు కిందకి కారిపోతాయి, ఇసుక లోపలే ఉంటది, పళ్ళు దేనికీ తగలవు. సంచి కింద ఒక ప్లాస్టిక్ ట్రే పెడితే కార్పెట్ బాగుంటది. ఏరినవి వేసే పౌచ్‌ని కూడా పిల్లల దగ్గర వదలొద్దు, అందులో తుప్పు పట్టిన చేపల గాలాలు, పగిలిన గాజు, చీలిన క్యాన్ మూతలు ఉంటాయి. మూతున్న గట్టి డబ్బాలోకి మార్చి, గాలాలన్నీ అక్కడే చెత్త డబ్బాలో వేసి బయల్దేరు.

ఇది నీకు జరక్కపోవచ్చు గానీ చెప్పకుండా ఉండలేను. ఎప్పుడైనా గుండులాగా, పొడుగ్గా మొన తేలిన ఇనప గొట్టంలాగా, రెక్కలున్న డబ్బాలాగా ఏదైనా దొరికితే దాన్ని బండెక్కించొద్దు. టెక్సాస్ తీరంలో రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు మాటగోర్డా ద్వీపం మీద బాంబులు వేసి ప్రాక్టీస్ చేసేవాళ్ళు. పాతది కదా, సముద్రంలో నాని ఉంది కదా అనుకుంటాం. వర్జీనియాలో 2008లో అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండు శుభ్రం చేస్తుంటే పేలి, ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి ఇంటి ముందే చనిపోయాడు. 140 ఏళ్ళు దాటిన గుండు అది. కదపకుండా వదిలి, వచ్చిన దారినే వెనక్కి నడిచి, దూరం వెళ్ళాక 911కి ఫోన్ చెయ్యి.

ఇండియా సంగతి. ఫ్లైట్ వరకు అయితే విడి లిథియం బ్యాటరీలు చెక్‌ఇన్ లగేజ్‌లో వెయ్యకూడదు, హ్యాండ్ బ్యాగ్‌లోనే, 100 వాట్ అవర్ల లోపు ఉండాలి, డిగ్గర్ మాత్రం చెక్‌ఇన్‌లో. కానీ నా సలహా అసలు తీసుకెళ్ళొద్దని. మన దగ్గర 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది, భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటింది ఏది దొరికినా కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. అది ఒకెత్తు. గుప్త నిధుల పేరుతో పాత గుళ్ళు, కోటలు తవ్వే ముఠాల్ని పోలీసులు పట్టుకున్నప్పుడల్లా పేపర్లో ఫోటోలో ముందు కనపడేది మెటల్ డిటెక్టరే. ఊళ్ళో మన పొలంలోనే తాత పోగొట్టుకున్న ఉంగరం వెతుకుతున్నాం అన్నా, చూసేవాళ్ళు అలా అనుకోరు, అమ్మానాన్నలు తర్వాత ఆ ఊళ్ళోనే బతకాలి. కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి పడ్డాక వజ్రాల కోసం జనం వెళ్తారు కదా, అక్కడికి పనికొస్తదేమో అని కూడా అనుకోకు, వజ్రం లోహం కాదు, డిటెక్టర్‌కి వినపడదు. వాళ్ళు కళ్ళతోనే వెతుకుతారు.

చివరిగా, బయల్దేరే ముందు రోజు రాత్రి ట్రంక్ సర్దాక, పిల్లలు లేకుండా ఒక్కడివే మీ కాలనీ ఖాళీ రోడ్డు మీద 20 మైళ్ళ స్పీడులో వెళ్ళి వెనక ఎవరూ లేరని చూసుకుని ఒకసారి గట్టిగా బ్రేక్ తొక్కు. ఏ చప్పుడూ రాకూడదు. వస్తే ఇంటికెళ్ళి ట్రంక్ తెరిచి ఏది ఎంత జరిగిందో చూసి, ఆ కొక్కేల దగ్గర ఫోటో తీసి నాకు పంపు, నీ బండిలో స్ట్రాప్ ఎటునుంచి ఎటు తిప్పాలో గీసి చూపిస్తా.